పాఠకుల ప్రశ్నలు: ఈ నెల నవలలూ, ఆత్మకథలూ

పోయిన నెల ఈ పేజీలో నేను ఈమధ్య చదివి బాగా ఇష్టపడ్డ నవలలు, ఆత్మకథలు ఓ ఏడెనిమిది పేర్లు గబగబా రాసేసి, వివరాలు తర్వాతెప్పుడైనా చెప్తాలెండి అని జారుకున్నా. మీరు వదల్లేదు. ఉత్తరాలు, మెయిళ్లు, ఒకాయనైతే పోస్టుకార్డు మీద చీమతలకాయంత అక్షరాలతో నింపేసి చోటు చాలక అడ్రసు పక్కన కూడా రాశారు. అన్నీ వెయ్యలేను. కొన్ని కుదించా, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, మీ లిస్టులో చూసి 'నిర్జన వారధి' తెప్పించుకుని రెండు రాత్రుల్లో చదివేశా. మూడో రాత్రి నిద్ర పట్టలేదు. అంత జరిగితే ఆవిడకి కోపం ఎందుకు రాలేదు? నాకు వచ్చింది, ఆయన మీదే కాదు, నిజం చెప్పాలంటే ఆవిడ మీద కూడా వచ్చింది. తప్పా?

జవాబు: తప్పేం కాదు చెల్లీ. పుస్తకం చదవనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెప్తాను, నువ్వు కాస్త ఓపిక పట్టు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు 1918లో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఆ పెళ్లంటే ఏంటో తెలిసేలోపే వైధవ్యం, తర్వాత కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, నిషేధం రోజుల్లో అజ్ఞాతం, ఊళ్లు మారుతూ దాక్కుంటూ బతకడం, తీరా అదంతా అయ్యాక ఆయన వదిలేసి వెళ్లిపోవడం. అప్పుడు ఆవిడ ముప్ఫై దాటిన వయసులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదువుకుని, కాకినాడ పాలిటెక్నిక్‌లో ఆడపిల్లల హాస్టల్‌కి మేట్రన్‌గా వెళ్లారు. కొడుకు నక్సలైటు ఉద్యమంలో పోయాడు. కూతురూ తల్లికంటే ముందే పోయింది. పుస్తకం వచ్చింది 2012లో, ఆవిడకి తొంభై నాలుగేళ్లప్పుడు. 2018లో నూరేళ్లు నిండాక వెళ్లిపోయారు.

ఇప్పుడు నీ ప్రశ్న. కోపం రాలేదు అన్నావే, అది నేను ఒప్పుకోను. నాకో అలవాటుంది, ఆత్మకథ చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ పెట్టుకుంటా, బాగున్న వాక్యం కింద గీయడానికి కాదు, రాసేవాళ్లు ఎక్కడ అడుగు వేగం పెంచారో అక్కడ మార్జిన్‌లో చిన్న గీత పెట్టడానికి. పదేళ్లు రెండు లైన్లలో దాటేస్తారు చూడు, అక్కడ. ఈ పుస్తకంలో నా గీతలన్నీ పెద్ద దుఃఖాల దగ్గరే పడ్డాయి. పాటల గురించి, పార్టీలో తోటి ఆడవాళ్ల గురించి చెప్పేటప్పుడు తీరిగ్గా కూర్చుని చెప్తున్నట్టుంటుంది, తన కడుపుకోత దగ్గరికొచ్చేసరికి మాట పొదుపైపోతుంది, చెప్పాల్సింది చెప్పేసి లేచి వెళ్లిపోతుంది. కోపం లేక కాదు అది, ఆగితే కూలబడిపోతానని తెలిసిన మనిషి నడక అది. ఇంకా అనుమానం ఉంటే అట్ట మీద పేరు మళ్లీ చూడు. వారధి అంటే వంతెన. మనుషులు దాటుకుని వెళ్లిపోయిన వంతెన, ఇప్పుడు దాని మీద ఎవరూ లేరు. కోపం లేని మనిషి తన జీవితానికి పెట్టుకునే పేరా ఇది?

ఇంకోటి కూడా ఆలోచించు, ఇదే మనిషి తన ముప్ఫై అయిదో ఏట, ఆ హాస్టల్ గదిలో కూర్చుని రాసి ఉంటే వేరే పుస్తకం వచ్చేది, నీకు కావాల్సిన కోపం బహుశా అందులో ఉండేది. ఆ పుస్తకం మనకి లేదు. తొంభై నాలుగేళ్ల చెయ్యి రాసింది మాత్రమే ఉంది. నీకు ఆవిడ మీద వచ్చిన కోపం గురించి నేనేం అననుగానీ, ఓ ఏడాది ఆగి మళ్లీ చదివి అప్పుడు రాయి, ఈ పేజీ అప్పటికి ఉంటే వేస్తా.

ప్రశ్న: అమ్మా, నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. నవల అంటే కల్పన, సరే. ఆత్మకథ నిజమని చెప్పి అమ్ముతారు కదా, యాభై ఏళ్ల కింద ఎవరు ఏమన్నారో ముక్క పోకుండా ఎలా రాస్తారు? ఎంత శాతం నమ్మొచ్చంటారు?

జవాబు: మాస్టారూ, శాతాల్లో అడిగితే నేను ఫెయిలే. ఎప్పుడూ అంతేలెండి.

మీ అనుమానం నాకు బాగా గట్టిగా వచ్చింది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' చదువుతున్నప్పుడు. సంభాషణ మీద సంభాషణ, ఆయన కథల్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే, ఎదుటివాడి దెప్పిపొడుపుతో సహా. చిన్నప్పటి మాటలు అన్నేళ్ల తర్వాత అలాగే గుర్తుండటం జరిగే పని కాదు. అయినా నాకు అబద్ధం అనిపించలేదు, ఎందుకంటే ఆయన చెప్పదల్చుకున్న నిజం ఆ మాటల్లో కాదు, ఆ గొంతుల్లో ఉంది. వేదం, శ్రౌతం, సంస్కృతం తప్ప తెలుగు రాయడమేంటి అనుకునే ఇంట్లో పుట్టిన కుర్రాడు తెలుగు కథల్లోకి ఎలా వచ్చిపడ్డాడు అన్నది ఆ ఇంటి మాట వినపడకుండా ఎలా చెప్తారు? ఆ మాట ఆయన తిరిగి కట్టారు, అంతే. ఆ పుస్తకం ఆయన పూర్తి చెయ్యకుండానే 1961లో పోయారు, నాకు ఆయన మీద ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు అది.

మీ లెక్కకి ఇంకా బాగా పనికొచ్చే ఉదాహరణ దాశరథి అన్నదమ్ములు. అన్న కృష్ణమాచార్య గారు 1925లో, తమ్ముడు రంగాచార్య గారు 1928లో పుట్టారు. అన్న 'యాత్రాస్మృతి' రాశారు, తమ్ముడు 'జీవనయానం' రాశారు. ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్నలు, అదే నిజాం రాజ్యం. పక్కపక్కన పెట్టి చదవండి, ఒకాయన కవి, ఇంకొకాయన నవలాకారుడు అన్న సంగతి అట్ట చూడకుండానే తెలిసిపోతుంది. అన్నగారి జ్ఞాపకం ఒక పద్యం దగ్గరికో ఒక సభ దగ్గరికో పరిగెడుతుంది. తమ్ముడిగారిది ఊళ్లోకి, మనుషుల్లోకి పోతుంది. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్ అని అడిగితే నేను చెప్పలేను, ఒకే అమ్మని ఇద్దరు కొడుకులు ఒకేలా గుర్తుపెట్టుకోవడం మీరు ఎప్పుడైనా చూశారా?

అయితే ఒకటి గమనించా. రంగాచార్య గారు 'జీవనయానం'లో రాయగలిగింది తను చూసిందీ విన్నదీ. గడీ లోపల, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, ఆడబాపగా, అంటే దాసిగా బతికే పిల్ల మనసులో ఏం తిరుగుతుందో ఆయన కళ్లారా చూసే వీలు లేదు. అందుకే దానికి నవల కావాల్సొచ్చింది, 'చిల్లర దేవుళ్లు' అదే. ఆత్మకథ గడీ గుమ్మం దాకా తీసుకెళ్తుంది, నవల లోపలికి తీసుకెళ్తుంది. కాబట్టి మాస్టారూ, మొదట ఇదీ తర్వాత అదీ చదవండి, శాతం సంగతి మీరే నాకు చెప్పండి.

ప్రశ్న: నాకో అనుమానం. మన గొప్ప నవలలు అని మీలాంటివాళ్లు చెప్పేవన్నీ తీసుకుంటే హీరోలందరూ ఏ పనీ చేతకానివాళ్లే! 'అసమర్థుని జీవయాత్ర' పేరులోనే ఉంది. దయానిధి, సుబ్బయ్య, 'అంపశయ్య' రవి... ఒక్కడైనా సరిగ్గా లేచి ఒక పని చేసిన పాపాన పోయాడా? చదివాక నాకూ లేవబుద్ధి కావట్లేదు.

జవాబు: చదివి పదినిమిషాలు నవ్వాను. పోస్టుకార్డు మీరే కదూ!

నిజమే సార్. గోపీచంద్ గారి సీతారామారావు వంశం పరువు, దర్జా అంటూ ఉన్నదంతా పోగొట్టుకుని తర్వాత తనని తానే కొరుక్కు తింటాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి డాక్టరే, ఖాళీగా కూర్చున్నవాడు కాదు, కానీ తల్లి గురించి లోకం అన్న మాటలు నీడలాగా వెంటపడి ఏ ఆడమనిషి దగ్గరా కుదురుగా నిలవనివ్వవు. ఈ రెండూ 1940ల మధ్యలో, దేశానికి స్వాతంత్య్రం వస్తోందని అందరూ ఉత్సాహంగా ఉన్న రోజుల్లో వచ్చిన నవలలు, అదీ వింత. తర్వాత రావిశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్య, వీడికి బావంటే భయం, ఆఫీసంటే భయం, కాంట్రాక్టరు గవరయ్య అంటే ఇంక చెప్పక్కర్లేదు. ఆ తర్వాత 1969లో రవి, ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో పొద్దున్న నిద్ర లేవడం దగ్గర మొదలై రాత్రి దాకా ఒక్క రోజు, ఆ ఒక్క రోజే నవల మొత్తం. ఆ నవల ఎంత అంటుకుందంటే నవీన్ గారికి అదే ఇంటిపేరైపోయింది.

ఎందుకిలా అంటే, నా సొంత ఊహ చెప్తాను, పండితులు తిట్టినా ఫర్వాలేదు. పని చేసేవాడి వెనక కథ పరిగెత్తాలి, వాడు ఊరు దాటితే ఊరు దాటాలి, వాడి బుర్రలోకి తొంగిచూసే తీరిక రచయితకి ఉండదు. మనిషిని కదలకుండా కూర్చోబెడితేనే లోపల చప్పుడు వినపడుతుంది. వీళ్లకి ముందొచ్చిన నవలల్లో ఎక్కువ భాగం బయట జరిగేది చెప్పాయి, వీళ్లకి లోపల జరిగేది కావాల్సొచ్చింది, చైతన్య స్రవంతి అని మన విమర్శకులు పెద్ద పేరు పెట్టింది దీనికే. పైగా గోపీచంద్ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి గారు, ఎందుకు అని అడక్కుండా దేన్నీ ఒప్పుకోని మనిషి. ఆ ప్రశ్న అడగడం నేర్పినందుకే గోపీచంద్ ఆ నవలని తండ్రికి అంకితమిచ్చారు. ఆ ప్రశ్నని లోకం మీద కాకుండా తన మీదే తిప్పుకుంటే ఏమవుతుందో సీతారామారావులో చూడండి, భయమేస్తుంది.

నాకు మాత్రం ఈ నలుగురిలో సుబ్బయ్యే ఇష్టం. మిగతావాళ్లు తమ బాధ పెద్దదని నమ్ముతారు, వీడికి ఆ గర్వం కూడా లేదు. రావిశాస్త్రి గారు వకీలు కదా, భయపడే మనుషుల్ని చాలా దగ్గర్నుంచి చూసుంటారు, వాళ్లని వెక్కిరిస్తూనే జాలిపడటం ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

మీరు లేవాలంటే మాత్రం కింది ప్రశ్నలో ఇందిర ఉంది, ఆవిడని పట్టుకోండి.

ప్రశ్న: మేడమ్, మా వదినకీ నాకూ 'కాలాతీత వ్యక్తులు' మీద వారం రోజుల్నించి గొడవ. ఇందిర స్వార్థపరురాలు, కల్యాణిని అంత బాధపెట్టింది, ఆమెని హీరోయిన్ అనడమేంటి అంటుంది వదిన. కాదు ఇందిరే హీరోయిన్ అంటాను నేను. మీరు చెప్పండి, ఓడినవాళ్లు నెల రోజులు గిన్నెలు తోమాలి.

జవాబు: గిన్నెల తీర్పు నా మీద పెట్టకండమ్మా, మీ ఇద్దరూ సగం సగం తోముకోండి. ఎందుకంటే మీ వదిన చెప్పిన తప్పులన్నీ నిజం. ఇందిర అసూయపడుతుంది, మాటలతో గుచ్చుతుంది, అవసరమైతే మనుషుల్ని వాడుకుంటుంది. అయినా పుస్తకం మూశాక మనతో పాటు వచ్చేది ఇందిరే.

డాక్టర్ పి. శ్రీదేవి గారు ఇది 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా రాశారు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. 1961లో, ముప్ఫై రెండేళ్లైనా నిండకుండానే పోయారు. ఇది తల్చుకున్నప్పుడల్లా కడుపులో ఏదో అవుతుంది నాకు, ఇందిర లాంటి మనిషిని మొదటి నవలకే పట్టుకున్నావిడ రెండోది రాసుంటే ఏం రాసేదో కదా.

ఇందిర సంగతి చూడండి. తండ్రి ఆనందరావుకి బాధ్యత అనే మాట తెలీదు, కూతురి జీతం మీద బతుకుతాడు. చిన్నతనంలోనే ఇంటి మగాడి బరువు నెత్తినెత్తుకున్న పిల్లకి త్యాగం, సహనం అనే సుగుణాలు ఎక్కడ్నుంచి వస్తాయి? త్యాగం చెయ్యడానికి కూడా చేతిలో కొంత మిగిలుండాలి. అదే ఇంట్లో అద్దెకుండే మెడికల్ స్టూడెంట్ ప్రకాశం మంచివాడే, మెత్తటివాడు, కానీ ఎవరు గట్టిగా లాగితే అటు పోయే రకం. పై ప్రశ్నలోని నలుగురు హీరోలకీ చుట్టమన్నమాట! తేడా ఏంటంటే ఇక్కడ రచయిత్రి ఆ మనిషి బుర్రలో కూర్చుని జాలిపడలేదు, ఇందిర పక్కన నిలబడి చూసింది. ఇందిర కళ్లతో చూస్తే అతని సున్నితత్వం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. ఆ ఖర్చంతా ఆడవాళ్లదే.

చివర్లో కృష్ణమూర్తిని పెళ్లి చేసుకోవాలనుకున్నప్పుడు ఇందిర మాట్లాడే తీరు ఇంకోసారి చదవండి, తనేంటో దాచుకోదు, మంచిదాన్ని అని నటించదు. నాకు ఆ నవలలో అన్నిటికన్నా నచ్చిన చోటు అదే. మొన్న రెండోసారి చదివితే ఇంకోటి కనపడింది, పెన్సిల్ అలవాటు కదా, నవలకీ పెట్టి చూశా, ఇందిర ఒంటరిగా ఉన్నప్పటి బాధని శ్రీదేవి గారు ఎక్కువ సేపు చూపించరు. ఏడవడానికి ఆవిడకి టైమివ్వరు. కల్యాణికి ఇస్తారు. బహుశా అందుకే మీ వదిన కల్యాణి వైపు, పాఠకులం మనం కన్నీళ్లు చూస్తేగానీ నమ్మం మరి.

ఇంకో మాట, ఈ నవల మీద 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా సరదాగా ఉంటుంది. అది చూసేసి నవల తెలుసు అనుకోవద్దు.

ప్రశ్న: హాయ్ మేడమ్, ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. నవల మొదలుపెడితే యాభై పేజీలకే ఫోన్ తీస్తున్నా, ఇంక మళ్లీ పుస్తకం తెరవట్లేదు. నాలాంటోడికి ఏదైనా ఉందా? జంతువులు, అడవి అంటే ఇష్టం.

జవాబు: ఉంది తమ్ముడూ, నీకోసమే రాసినట్టుంటుంది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిన్న పుస్తకం. ఒక ముసలాయన, పందులు మేపుకుని బతికేవాడు, ఈనడానికి అడవిలో ఆగిపోయిన పందిని వెతుక్కుంటూ సాయంత్రం అడవిలోకి వెళ్తాడు. తెల్లారేదాకా ఏం జరిగిందన్నదే నవల. ఆయనకి పేరు కూడా లేదు. పేజీ పేజీకీ ఏదో ఒక చప్పుడు వినపడుతుంది, నక్కలు, గాలి, ఆ పంది రొప్పు. చివరేమవుతుందో చెప్పను, ఫోన్‌లో వెతక్కు, వెతికితే నామీద ఒట్టే. కేశవరెడ్డి గారు కుష్ఠు రోగుల ఆసుపత్రిలో డాక్టరుగా పని చేశారు, గాయాన్ని చూసి మొహం తిప్పుకోని మనిషి అని ఈ పుస్తకం చదివితే నీకే అర్థమవుతుంది.

అది అయిపోతే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' పట్టుకో. ఉద్యోగం దొరక్క తిరిగొచ్చిన నీ వయసు కుర్రాడు, కరువులో గొర్రెల్ని తోలుకుని నాన్నతో నల్లమలకి పోతాడు. 2021లో సినిమా తీశారుగా, చూసే ఉంటావ్. నవలలో ఆ నాన్నా, ఆ గొర్రెలూ ఇంకా చాలా ఉన్నాయి, నువ్వు జంతువులన్నావు కాబట్టి చెప్తున్నా, గొర్రెకి కూడా ఒక స్వభావం ఉంటుందని నాకు ఈ పుస్తకం చదివాకే తెలిసింది.

ప్రశ్న: 'కొండపొలం' కొన్నాను గానీ సీమ యాస నాకు రాదు. పక్కన నిఘంటువు పెట్టుకోవాలా?

జవాబు: వద్దండీ. మొదటి ఇరవై పేజీలు పైకి చదవండి, గొంతెత్తి. కంటికి అడ్డంపడే మాట చెవికి అడ్డంపడదు.

ప్రశ్న: నమస్తే. మా నాన్నగారి గురించి, మా చిన్నతనం గురించి రాద్దామని కూర్చున్నాను. నూట ఇరవై పేజీలయ్యాయి. ఆయన మంచివారే గానీ అమ్మ విషయంలో కొన్ని జరిగాయి. అన్నయ్య అవి తీసెయ్యమంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు: మీ నూట ఇరవై పేజీలు నేను చూడలేదు, అమ్మగారు ఇప్పుడు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ముందు అడగాల్సింది అన్నయ్యని కాదు, ఆవిడని. అన్నయ్యకి చెప్పండి, ఆయనకి గుర్తున్నట్టు ఆయనా రాసుకోవచ్చని, దాశరథి వాళ్లింట్లో ఇద్దరూ రాశారు కదా.

తీసెయ్యాలా ఉంచాలా అన్నదానికి ముందు ఒక పని చెయ్యండి. మొత్తం ప్రింట్ తీసి, వేరేవాళ్లు రాసిందనుకుని, పెన్సిల్ పట్టుకుని చదవండి, ఎక్కడ మీరే పరుగు పెట్టారో అక్కడ గీత పెట్టండి. పేజీలు తీసెయ్యడం, ఉంచడం కంటే మీ అసలు సమస్య ఆ గీతల దగ్గర ఉండొచ్చని నా అనుమానం, అమ్మ విషయం మీరు రాశానంటున్నారు, రాశారా లేక రెండు లైన్లలో దాటేశారా? గీతలు ఎన్ని పడ్డాయో, ఏ పేజీల్లో పడ్డాయో నాకు రాయండి. పేరు వెయ్యను.